బండికి 'చూపు' సరిగ్గా ఉందా? అద్దాలు, మిర్రర్లు, కెమెరాల్లో ఈ లోపాలుంటే నల్లమల ఘాట్ ఎక్కకండి

మార్కాపురం బస్టాండ్ దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి వచ్చిపోయే బండ్లను చూడండి. ఎడమవైపు మిర్రర్ లేని ఆటో, ముందు అద్దంపై అడ్డంగా పగులున్న లారీ, మిర్రర్లు రెండూ పీకేసిన బైకులు... ఏదో ఒకటి కంటపడకుండా ఉండదు. నడిపేవాళ్లను అడిగితే 'అలవాటైపోయింది లెండి' అంటారు.

అసలు ప్రమాదం ఆ మాటలోనే ఉంది. బ్రేక్ సరిగ్గా పడకపోతే ఆ రోజే షెడ్డుకు తీసుకెళ్తాం. టైరు పంక్చరైతే బండి కదలదు. కానీ చూపుకు అడ్డొచ్చే లోపం బండిని ఆపదు. పగిలిన అద్దంతోనూ బండి నడుస్తుంది, విరిగిన మిర్రర్‌తోనూ నడుస్తుంది. కన్ను దానికి సర్దుకుపోతుంది. కనిపించాల్సిన మనిషి కనిపించకుండా పోయే రోజు దాకా ఇబ్బందేమీ తెలియదు.

గిద్దలూరు, కంభం, మార్కాపురం, దోర్నాల రోడ్లపై తిరిగేవాళ్ల కోసం ఈ వివరాలన్నీ ఒకచోట ఇస్తున్నాం. ఏ లోపం ఎలా ముంచుతుంది, ఇంటి దగ్గరే ఎలా చెక్ చేసుకోవాలి, చట్టం ఏమంటోంది, ఇన్సూరెన్స్ ఎంతవరకు వస్తుంది... చూద్దాం.

ముఖ్యాంశాలు

• ముందు, వెనుక అద్దాల నుంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల నుంచి కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలి
• లోపం ఉందని తెలిసీ బండి నడిపితే డ్రైవర్‌తో పాటు బండి ఇచ్చిన ఓనర్ కూడా బాధ్యుడే
• రివర్స్ గేర్ వేశాక 2 సెకన్లలో కెమెరా బొమ్మ రాకపోతే దాన్ని నమ్మొద్దు
• ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే గాజు భాగాలకు డిప్రిసియేషన్ కోత ఉండదు

ఈ రోడ్లపైనే ఎందుకంత జాగ్రత్త?

పశ్చిమ ప్రకాశం రోడ్లకు కొన్ని ప్రత్యేకతలున్నాయి. గిద్దలూరు దాటి దిగువమెట్ట నుంచి నంద్యాల వైపు వెళ్తే నల్లమల ఘాట్. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లాలన్నా ఘాట్ రోడ్డే. మలుపు తిరిగేదాకా ఎదురొచ్చేది లారీయో బైకో తెలియదు. చెట్ల నీడలోంచి ఒక్కసారిగా ఎండలోకి వస్తాం, మళ్లీ నీడలోకి పోతాం. అద్దం శుభ్రంగా ఉన్నప్పుడే కంటికి కష్టం. గీతలు, దుమ్ము ఉంటే ఆ రెండు క్షణాలు ఏమీ కనిపించదు.

రెండోది ఎండ పడే దిక్కు. మార్కాపురం నుంచి కంభం మీదుగా గిద్దలూరు వెళ్లే రోడ్డు నైరుతి వైపు సాగుతుంది. చలికాలం సాయంత్రం ఈ దారిలో వెళ్తే సూర్యుడు నేరుగా ముందు అద్దంలో ఉంటాడు. గిద్దలూరు నుంచి నంద్యాల దారి పడమర వైపు. ఎండాకాలం సాయంత్రం అక్కడా అదే పరిస్థితి.

మూడోది దుమ్ము. పలకల గనులు, క్వారీలు, ప్రాజెక్టు పనుల టిప్పర్లు తిరిగే చోట సన్నని రాతి పొడి అద్దాలపై పేరుకుంటుంది. దాన్ని పొడి గుడ్డతో తుడిస్తే గాజుకు గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే.

ఇక లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. ఎదురు లైటు కొట్టి రెండు సెకన్లు కన్ను చెదిరితే 33 మీటర్లు గుడ్డిగా నడిపినట్టు. అంటే మూడు లారీలు వరుసగా నిలబెట్టినంత దూరం.

ముందు అద్దం: చిన్న పగులే కదా అనుకుంటే...

ముందు అద్దం మామూలు గాజు కాదు. రెండు గాజు పలకల మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. దీన్నే లామినేటెడ్ గ్లాస్ అంటారు. రాయి తగిలినా ముక్కలు మీద పడవు, సాలెగూడులా పగిలి అలాగే నిలబడుతుంది. పక్క అద్దాలు సాధారణంగా టఫెన్డ్ గ్లాస్. అవి పగిలితే పంచదార పలుకుల్లా చిన్న ముక్కలై రాలిపోతాయి.

ముందు అద్దం పగిలినా నిలబడుతుంది కాబట్టే 'ఇంకొన్నాళ్లు నడుస్తుందిలే' అని వదిలేస్తాం. ఎండాకాలం ఇక్కడ బండి బయట పెడితే అద్దం కాలిపోతుంది. ఆ వేడి మీద ఏసీ ఫుల్‌గా వేసినా, చన్నీళ్లు చల్లినా చిన్న చుక్కంత దెబ్బ గీతలా పాకుతుంది. గుంతల రోడ్డు అదురుకు ఇంకా పెరుగుతుంది.

ఏం చేయాలంటే:

• రాయి తగిలి రూపాయి బిళ్ల కన్నా చిన్న దెబ్బ పడితే రెసిన్ నింపి బాగు చేసే వీలుంటుంది. ఆలస్యం చేసి అందులో దుమ్ము చేరితే ఆ పని సరిగ్గా కుదరదు. షెడ్డుకు వెళ్లేదాకా దానిపై పారదర్శకమైన టేపు అతికించండి.
• పగులు డ్రైవర్ కళ్లకు ఎదురుగా ఉన్నా, అద్దం అంచు దాకా పాకినా మార్చేయడమే మంచిది.
• కొత్త అద్దం వేయించేటప్పుడు మూలన ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే నంబర్ ఉన్నాయో లేదో చూడండి. బండ్లకు వాడే సేఫ్టీ గ్లాస్ ప్రమాణం అదే.
• కొన్ని కొత్త కార్లలో ముందు అద్దం వెనకాల, పైన కెమెరా ఉంటుంది. లేన్ దాటితే హెచ్చరించేది, ఎదురుగా ఏదైనా వస్తే బ్రేక్ వేసేది దాని ఆధారంగానే. అద్దం మారిస్తే ఆ కెమెరాను మళ్లీ సరిచేయించాలి. 'క్యాలిబ్రేషన్ చేశారా?' అని షోరూంలో అడిగి మరీ తెలుసుకోండి.

పగులు లేకపోయినా అద్దం పాడై ఉండొచ్చు. ఏళ్ల తరబడి దుమ్ము మీద వైపర్ తిరిగిన అద్దంపై అర్ధచంద్రాకారంలో సన్నని గీతలు పడతాయి. పగలు కనిపించవు. రాత్రి ఎదురు లారీ లైటు పడగానే అద్దమంతా తెల్లగా వెలిగిపోతుంది. 'ఈమధ్య రాత్రిళ్లు లైట్లు బాగా కొడుతున్నాయి' అని అనిపిస్తే ముందు కళ్లు పరీక్ష చేయించుకోండి, తర్వాత అద్దం చూడండి.

అద్దం లోపలివైపు తుడవడం చాలామంది మరిచిపోతారు. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ వేడికి ఆవిర్లు వదులుతుంది. సిగరెట్ పొగ, చెమట, దుమ్ము కూడా తోడై జిడ్డు పొర కడుతుంది. వారానికోసారి లోపలి నుంచి శుభ్రమైన తడిగుడ్డతో, ఆ తర్వాత పొడి గుడ్డతో తుడిస్తే రాత్రి తేడా మీకే తెలుస్తుంది.

అద్దం మీద దేవుడు, పేరు, నిమ్మకాయ

భక్తి ఎవరి ఇష్టం వాళ్లది. కానీ ముందు అద్దం మధ్యలో ఊగే దండలు, బొమ్మలు, అద్దం పైభాగమంతా కప్పేసే పేర్ల స్టిక్కర్లు చూపును తినేస్తాయి. ఊగే వస్తువు వెనకాల దూరంగా వచ్చే బైకు దాక్కోవడానికి రెండు అంగుళాల చోటు చాలు. దేవుడి బొమ్మ డ్యాష్‌బోర్డు మీద చిన్నదిగా, కదలకుండా పెట్టుకోండి. ఫాస్టాగ్‌ను లోపలి మిర్రర్ వెనకాల వచ్చేలా పైన మధ్యలో అతికించండి. ఫోన్ హోల్డర్‌ను అద్దం మధ్యలో బిగించకండి.

డ్యాష్‌బోర్డు మీద తెల్ల కాగితాలు, టవల్, మెరిసే పాలిష్ ఉంటే వాటి నీడ ఎండలో ముందు అద్దంపై పడుతుంది. రోడ్డుకు బదులు టవల్ కనిపిస్తుంది. ఘాట్ ఎక్కేముందు అవన్నీ తీసేయండి.

వైపర్లు, వాషర్: బోరు నీళ్లతో తంటా

పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఉప్పు శాతం, ఫ్లోరైడ్ ఎక్కువ. తాగడానికే కాదు, బండికీ ఆ నీళ్లు ఇబ్బందే. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే అద్దంపై తెల్ల మచ్చలు పడతాయి. వాషర్ డబ్బాలో అవే నీళ్లు పోస్తే నీళ్లు చిమ్మే సన్నని రంధ్రాలు గట్టి పడిన ఉప్పుతో మూసుకుపోతాయి. వర్షంలో టిప్పర్ వెనకాల వెళ్తూ అద్దంపై బురద పడ్డప్పుడు బటన్ నొక్కితే మోటార్ చప్పుడు వస్తుంది, నీళ్లు రావు. వైపర్ ఆ బురదను అద్దమంతా పూస్తుంది.

• వాషర్ డబ్బాలో మినరల్ ప్లాంట్ నీళ్లు పోయండి. క్యాన్‌లో మిగిలిన నీళ్లయినా చాలు. దొరికితే వాషర్ లిక్విడ్ కలపండి.
• రంధ్రం మూసుకుపోతే సన్నని సూదితో నెమ్మదిగా తీయండి.
• వైపర్ రబ్బరు ఎండకు గట్టిపడిపోతుంది. తుడిచాక చారలు మిగిలినా, కీచుమన్నా, అద్దం మీద ఎగిరెగిరి పడినా మార్చేయండి. మన ఎండలకు ఏడాదికోసారి, తొలకరికి ముందు మార్చడం మంచి అలవాటు.
• పొడి అద్దం మీద వైపర్ వేయొద్దు. ముందు నీళ్లు, తర్వాతే వైపర్.

తెల్లవారుజామున అద్దానికి ఆవిరి పడితే

చలికాలంలో, వానాకాలంలో నల్లమల దారిలో ముందు అద్దం ఉన్నట్టుండి మసకబారుతుంది. లోపలున్నవాళ్ల ఊపిరిలోని తేమ చల్లటి గాజుకు తగిలి పేరుకోవడమే దీనికి కారణం. చేత్తో తుడిస్తే జిడ్డు అంటుకుని ఇంకా ఎక్కువవుతుంది.

ఏసీ ఉన్న కారైతే ఏసీ వేసి, గాలిని ముందు అద్దం వైపు తిప్పండి. బయటి గాలి లోపలికి వచ్చే బటన్ పెట్టండి. లోపలి గాలే తిరిగే మోడ్‌లో ఉంటే ఆవిరి పోదు. ఏసీ లేని లారీ, జీపు అయితే రెండు వైపులా అద్దాలు కాస్త దించండి. వెనుక అద్దానికి సన్నని గీతల్లాంటి హీటర్ ఉంటే దాని స్విచ్ వేయండి. ఆ గీతల మీద స్టిక్కర్ అతికించి పీకితే తీగ తెగిపోతుంది, ఆ భాగం ఇక ఆరదు.

నల్ల ఫిల్మ్: చట్టం ఏమంటోంది?

సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 1989లోని 100వ రూల్ ప్రకారం ముందు, వెనుక అద్దాల నుంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల నుంచి కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. 'అవిషేక్ గోయెంకా వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా' కేసులో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పిస్తూ, అద్దాలపై నల్ల ఫిల్మ్ అతికించడాన్ని నిషేధించింది. అదే ఏడాది మే 4 నుంచి అమల్లోకి తేవాలని చెప్పింది. కంపెనీ నుంచి లేత రంగుతో వచ్చిన గాజు ఆ శాతాల్లో ఉంటే తప్పు లేదు.

తర్వాత 100వ రూల్‌లో మార్పులు వచ్చాయి. వాటి ఆధారంగా, ప్రమాణాలకు తగ్గ ఫిల్మ్ అయితే వాడొచ్చని కేరళ హైకోర్టు 2024లో చెప్పింది. అక్కడ కూడా 70, 50 శాతం హద్దు మాత్రం మారలేదు. కాబట్టి షాపులో 'ఇది పర్మిషన్ ఉన్న ఫిల్మే సార్' అంటే వెంటనే నమ్మేయకండి.

చట్టం సంగతి పక్కన పెట్టినా, నల్ల ఫిల్మ్ ఉన్న కారులో రాత్రిపూట పక్క అద్దంలోంచి చూస్తే మిర్రర్ కూడా సరిగ్గా కనిపించదు. సందులోంచి రోడ్డెక్కేటప్పుడు లైటు లేని సైకిల్, నల్ల గేదె అసలే కనిపించవు. ఎండ తట్టుకోలేకపోతే బండి ఆగి ఉన్నప్పుడు సన్‌షేడ్ పెట్టుకోండి, కదిలేముందు తీసేయండి.

సైడ్ మిర్రర్లు: ఇలా సెట్ చేసుకోండి

చాలామంది కారు మిర్రర్‌లో తమ బండి పక్క భాగమే సగం కనిపించేలా పెట్టుకుంటారు. మన బండి ఎక్కడికీ పోదు. చూడాల్సింది పక్క లేన్.

• కుడి మిర్రర్: తల కుడి అద్దానికి ఆనించి, మీ బండి పక్క భాగం అంచు మాత్రమే కనిపించేలా మిర్రర్‌ను బయటికి తిప్పండి.
• ఎడమ మిర్రర్: తలను బండి మధ్యలోకి వంచి, అలాగే ఎడమ పక్క అంచు మాత్రమే కనిపించేలా పెట్టండి.
• లోపలి మిర్రర్: వెనుక అద్దం మొత్తం కనిపించాలి.
• మామూలుగా కూర్చుని పరీక్షించండి. వెనకాల వచ్చే బైకు లోపలి మిర్రర్ నుంచి తప్పుకునేసరికి సైడ్ మిర్రర్‌లోకి రావాలి. అందులోంచి తప్పుకునేసరికి మీ కంటి పక్కకు రావాలి.

ఉబ్బెత్తు మిర్రర్లో బండ్లు చిన్నవిగా, దూరంగా ఉన్నట్టు కనిపిస్తాయి. నిజానికి దగ్గరే ఉంటాయి. ఓవర్‌టేక్ చేసేముందు లోపలి మిర్రర్‌తో పోల్చి చూసుకోండి. మిర్రర్ పగిలితే షాపులో దొరికిన ఏదో ఒక మామూలు అద్దం కోసి అతికించొద్దు. ఉబ్బెత్తు దాని స్థానంలో చదునైనది పెడితే కనిపించే వెడల్పు తగ్గిపోతుంది.

ఆటోలు: మిర్చి, పత్తి పనులకు కూలీలను తీసుకెళ్లే ఆటోల్లో డ్రైవర్‌కు అటొకరు, ఇటొకరు కూర్చుంటారు. మిర్రర్లు ఉన్నా వాళ్ల భుజాల వెనక్కి పోతాయి. డ్రైవర్ చేతులు ఆడవు, పక్క కనిపించదు. ఎక్కేవాళ్లకు కూడా ఇది చెప్పాలి... ముందు సీట్లో కూర్చోవడమంటే డ్రైవర్ కళ్లు మూయడమే.

బైకులు: మిర్రర్లు పీకేస్తే బండి స్టైల్‌గా ఉంటుందన్నది కుర్రాళ్ల మాట. వెనక నుంచి వచ్చే బస్సును చూడాలంటే మెడ తిప్పాలి, మెడ తిప్పితే హ్యాండిల్ కూడా కాస్త తిరుగుతుంది. సగం రోడ్డు పక్కకు జరగడానికి అంతే చాలు. మిర్రర్‌లో మీ మోచేయి కాకుండా వెనక రోడ్డు కనిపించాలి.

ట్రాక్టర్లు: చొప్ప, పొగాకు, బస్తాలు ట్రాలీకి రెండు వైపులా బయటికి వచ్చేలా వేస్తే ట్రాక్టర్ మిర్రర్లో లోడే కనిపిస్తుంది. మిర్రర్ కాడ లోడు వెడల్పు దాటి బయటికి ఉండేలా పొడవైనది బిగించుకోండి. ట్రాలీ వెనక రిఫ్లెక్టర్ టేపు అతికిస్తే వెనకొచ్చేవాళ్లకు మీరు కనిపిస్తారు.

లారీ డ్రైవర్‌కు కనిపించని నాలుగు చోట్లు

లారీ, బస్సు, టిప్పర్ ఎంత ఎత్తుంటే అంత బాగా కనిపిస్తుందనుకుంటాం. దూరం కనిపిస్తుంది, దగ్గర కనిపించదు. మిర్రర్లన్నీ బాగున్నా ఈ చోట్లు ప్రమాదమే:

• ముందు అద్దం కింద, బంపర్‌కు ఆనుకుని ఉన్న చోటు
• ఎడమ డోర్ పక్కన. డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి అన్నిటికన్నా పెద్ద గుడ్డి చోటు ఇదే
• కుడి డోర్ వెనకాల, మిర్రర్‌కు అందని భాగం
• బండి సరిగ్గా వెనకాల

అందుకే లారీకి క్లీనర్ ఉండేవాడు. దిగి, డ్రైవర్‌కు కనిపించే చోట నిలబడి 'రానీ... రానీ... హోల్డాన్' అని చెప్పడం లాంఛనం కాదు, అది ఇంకో జత కళ్లు. ఇప్పుడు ఖర్చు తగ్గించుకోవడానికి చాలా బండ్లు క్లీనర్ లేకుండానే తిరుగుతున్నాయి. అలాంటప్పుడు ఎడమ మిర్రర్, ముందు కిందికి చూపించే ఉబ్బెత్తు మిర్రర్ రెండూ తప్పనిసరిగా సరిగ్గా ఉండాలి.

పెద్ద బండ్లలో ఈ గుడ్డి చోట్లలో మనిషి ఉంటే డ్రైవర్‌ను హెచ్చరించే పరికరాలను తప్పనిసరి చేసే దిశగా కేంద్ర రవాణా శాఖ 2025లో ముసాయిదా తెచ్చింది. అయితే అది కొత్త బండ్ల సంగతి. ఇప్పుడు రోడ్డు మీదున్న పాత లారీలకు మిర్రర్లే దిక్కు.

పిల్లలకు ఈ ఒక్క మాట నేర్పండి: 'డ్రైవర్ మొహం నీకు కనిపించకపోతే, డ్రైవర్‌కు నువ్వు కనిపించవు.' స్కూల్ బస్సు దిగాక బస్సు ముందు నుంచి ఆనుకుని దాటొద్దు. బస్సు వెళ్లిపోయేదాకా ఆగి, రోడ్డు రెండు వైపులా చూసి దాటాలి.

ఘాట్ మలుపులో స్తంభం వెనక దాక్కునే బైకు

ముందు అద్దానికి రెండు పక్కలా పైకప్పును మోసే స్తంభాలుంటాయి. వాటిని ఏ-పిల్లర్ అంటారు. ఇది లోపం కాదు, బండి బలం. కానీ కుడివైపు స్తంభం డ్రైవర్‌కు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎక్కువ రోడ్డును మూసేస్తుంది. కుడివైపు మలుపు తిరిగేటప్పుడు ఎదురొచ్చే బైకు, ఒక్కోసారి కారు కూడా రెండు మూడు క్షణాలు దాని వెనకే ఉండిపోవచ్చు.

పరిష్కారం ఖర్చు లేనిది. మలుపు ముందు తలను కొంచెం ముందుకీ పక్కకీ కదిపి స్తంభం వెనక్కి చూడండి. హారన్ కొట్టండి. స్తంభం పక్కన స్టిక్కర్, ఫోన్ హోల్డర్, కర్టెన్ లేకుండా చూసుకోండి.

రివర్స్ కెమెరా, సెన్సార్: ఉన్నాయి కదా అని నమ్మేయొద్దు

మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారైన కార్లకు రివర్స్ సెన్సార్ తప్పనిసరి. కెమెరా మాత్రం తప్పనిసరి కాదు. చాలామంది బయట షాపుల్లో బిగించుకుంటున్నారు.

అమెరికాలో కొత్త కార్లన్నింటికీ 2018 మే 1 నుంచి వెనుక కెమెరా తప్పనిసరి. దాని వెనక ఓ విషాదం ఉంది. 2002లో రెండేళ్ల కామెరాన్ గల్‌బ్రాన్‌సెన్ అనే బాబు ఇంటి ముందు తండ్రి రివర్స్ చేస్తున్న కారు కింద పడి చనిపోయాడు. ఆ బాబు పేరుతోనే 2008లో చట్టం వచ్చింది. మన ఊళ్లలో ఇంటి వాకిట్లో కారు, ఆటో వెనక్కి తీసేటప్పుడు జరిగేది కూడా సరిగ్గా ఇలాంటి ప్రమాదమే. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వస్తున్నా, 3 మీటర్ల దూరంలో ఆడుకుంటున్న పిల్లాడిని రెండు సెకన్లలో చేరుకుంటాం.

కెమెరా ఉన్నా లోపాలు వస్తాయి. డిక్కీ మూత తెరిచి మూసినప్పుడల్లా కెమెరా తీగ అరిగిపోయే అవకాశం ఉందని 2021 చివర్లో టెస్లా అమెరికాలో దాదాపు 3.56 లక్షల మోడల్ 3 కార్లను రీకాల్ చేసింది. వెనుక కెమెరాల లోపంపై రీకాల్‌ను ఆలస్యం చేసిందని ఫోర్డ్‌కు అక్కడి రోడ్డు భద్రతా సంస్థ 2024 నవంబర్‌లో 16.5 కోట్ల డాలర్ల దాకా జరిమానా ఖరారు చేసింది. అమెరికాలో ఉన్న మనవాళ్లు కారు వీఐఎన్ నంబర్‌తో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో రీకాల్ ఉందో లేదో ఉచితంగా చూసుకోవచ్చు.

మన దగ్గర ఎక్కువగా వచ్చే సమస్యలు ఇవీ:

• స్క్రీన్ నల్లగా ఉండిపోవడం: బయట బిగించిన కెమెరాలకు కరెంటు సాధారణంగా రివర్స్ లైటు తీగ నుంచే తీసుకుంటారు. ఆ లైటు ఫ్యూజు పోతే కెమెరా కూడా పోతుంది. ముందు రివర్స్ లైటు వెలుగుతోందో చూడండి.
• మసక బొమ్మ: లెన్స్ మీద దుమ్ము, బురద. తుడిచినా పోకపోతే లోపలికి నీళ్లు దిగినట్టు. అది మార్చాల్సిందే.
• బొమ్మ మిణుకుమనడం: తీగ లూజైనా, ఎలుక కొరికినా ఇలాగే ఉంటుంది.
• ఎడమ కుడిగా కనిపించడం: సెట్టింగ్ తప్పు. ఎడమవైపు మనిషి స్క్రీన్‌లో కూడా ఎడమవైపే కనిపించాలి, మిర్రర్‌లో ఉన్నట్టు.
• రంగు గీతలు తప్పుగా ఉండడం: కెమెరా కాస్త వంగినా 'ఇంకా దూరం ఉంది' అని గీతలు అబద్ధం చెబుతాయి.

సెన్సార్లకూ హద్దులున్నాయి. సన్నని కడ్డీ, నేల మట్టానికి దగ్గరగా ఉన్న రాయి, పడుకున్న కుక్క వాటికి అందకపోవచ్చు. బురద పేరుకుంటే ఊరికే మోగుతాయి, లేదంటే అసలు మోగవు. ఊరికే మోగుతోందని ఆఫ్ చేసేవాళ్లున్నారు. అలా చేయకండి, తుడవండి.

ఇంటి దగ్గరే పరీక్ష: అమెరికా ప్రమాణం ప్రకారం రివర్స్ వేసిన 2 సెకన్లలో బొమ్మ రావాలి. బండి వెనక సుమారు 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు చోటు కనిపించాలి. ఆ హద్దుల్లో ఓ బకెట్ పెట్టి జరుపుతూ చూడండి. ఎక్కడ కనిపించకుండా పోతుందో గుర్తుపెట్టుకోండి.

కెమెరా ఎంత మంచిదైనా, బండి ఎక్కేముందు ఒకసారి చుట్టూ తిరిగి చూడటానికి బదులు కాదు.

లోపం తెలిసీ నడిపితే?

మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 190(1) చాలామందికి తెలియదు. ప్రమాదానికి దారితీసే లోపం ఉందని తెలిసినా, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదే అయినా, ఆ బండిని రోడ్డు మీద నడపడం నేరం. నడిపినవాళ్లే కాదు, నడపమన్నవాళ్లు, నడపనిచ్చినవాళ్లూ దీని కిందకు వస్తారు. జరిమానా రూ.1,500 దాకా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే, ఆస్తి నష్టం జరిగితే 3 నెలల దాకా జైలు, లేదా రూ.5,000 జరిమానా, లేదా రెండూ.

'మిర్రర్ పోయిందని ఓనర్‌కు చెప్పాను, వచ్చే ట్రిప్పుకు చూద్దామన్నాడు' అనే డ్రైవర్లు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది. ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. ఓనర్లూ గుర్తుంచుకోండి, ఓ మిర్రర్ ఖర్చు కన్నా ఓ కేసు ఖర్చు ఎక్కువ. ఓ ప్రాణానికైతే లెక్కే లేదు.

ఖర్చు ఎవరు భరిస్తారు?

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంటే మీ అద్దానికి పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే గాజు భాగాలకు డిప్రిసియేషన్ కోత ఉండదు. మిర్రర్ బయటి డొప్ప లాంటి ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు మాత్రం 50 శాతం కోత పడుతుంది. క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోయే అవకాశం ఉంది కాబట్టి చిన్న ఖర్చయితే రెండూ లెక్కేసుకోండి. అద్దం మార్చేముందే ఫొటోలు తీసి కంపెనీకి చెప్పండి. మార్చేశాక చెబితే క్లెయిమ్ కష్టం.

కంపెనీ నుంచి వచ్చిన లోపమైతే? 2019లో సవరించిన చట్టంలో సెక్షన్ 110ఏ ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి రీకాల్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. 7 ఏళ్ల లోపు బండ్లలో ఒకే లోపంపై నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు వస్తే రీకాల్‌కు ఆదేశించవచ్చు, కంపెనీకి రూ.10 లక్షల నుంచి రూ.కోటి దాకా జరిమానా వేయొచ్చు. వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. మీ ఒక్కరి ఫిర్యాదు కూడా ఆ లెక్కలో చేరుతుంది.

బయల్దేరే ముందు 5 నిమిషాలు

1. బండి చుట్టూ ఒక రౌండ్ తిరగండి. వెనకాల, కింద ఎవరైనా ఉన్నారేమో చూడండి.
2. ముందు అద్దం బయట, లోపల తుడవండి. కొత్త పగులేమైనా ఉందా?
3. నీళ్లు చిమ్మి వైపర్ ఒకసారి వేయండి. చారలు మిగిలాయా?
4. మిర్రర్లు మూడూ మీ ఎత్తుకు సెట్ చేసుకోండి. వదులుగా ఊగుతున్నాయా?
5. డ్యాష్‌బోర్డు మీద కాగితాలు, టవల్ తీసేయండి.
6. రివర్స్ వేసి కెమెరా, సెన్సార్, రివర్స్ లైటు చూడండి.
7. తడిగుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి, నీళ్ల బాటిల్ చేతికందేలా పెట్టుకోండి.

మీ సందేహాలకు సమాధానాలు

దారిలో రాయి తగిలి అద్దం మొత్తం సాలెగూడులా పగిలితే?
హజార్డ్ లైట్లు వేసి, మెల్లగా ఎడమకు తీసి ఆపండి. తల బయట పెట్టి ఘాట్ దిగే సాహసం చేయొద్దు. జాతీయ రహదారిపై అయితే 1033కి, ఎవరికైనా గాయమైతే 108కి ఫోన్ చేయండి.

రాత్రి వెనకొచ్చే బండి లైటు లోపలి మిర్రర్‌లో కొడుతుంటే?
మిర్రర్ కింద చిన్న మీట ఉంటుంది. దాన్ని లాగితే లైటు తగ్గుతుంది. మిర్రర్‌ను పూర్తిగా పక్కకు తిప్పేయకండి.

వైపర్ పనిచేయకుండా వర్షం పట్టుకుంటే?
ఘాట్ ముందే అయితే ఆగండి. గిద్దలూరులోనో దోర్నాలలోనో గంట ఆగితే పోయేదేమీ లేదు.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది కదా, ఇంకేం చూడాలి?
కొత్త రవాణా వాహనానికి 8 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేస్తారు. పరీక్ష రోజు ఉన్న మిర్రర్ మర్నాడే పోవచ్చు. మిగతా రోజులన్నీ చూసుకోవాల్సింది మీరే.

మీ బండిలో 'అలవాటైపోయిన' లోపం ఏదో మీకు ఇప్పటికే గుర్తొచ్చి ఉంటుంది. ఈ రోజే షెడ్డుకు తీసుకెళ్లండి. మీ ఇంట్లో లారీ, ఆటో, స్కూల్ బస్సు నడిపేవాళ్లుంటే ఇది వాళ్లకు పంపండి.